వాల్టర్ ఎదుట అన్న మాట

1984 జూలై, శనివారం రాత్రి

సిగ్గుగా ఉంది. నా పేషెంట్ వాల్టర్‌ని, అంత బాస్కెట్‌బాల్ స్టార్‌ని, ఇక్కడి మన తెలుగువాళ్లకి చూపించుకోవాలనే భోజనానికి పిలిచాను. కాంట్రాక్ట్ ముగిసి, కొత్త టీమ్ వెతుక్కుంటున్నాడు. ఎవరైనా తీసుకుంటారా అని, వచ్చినవాళ్లలో రావుగారు అడిగితే, అతని ఎదుటే తెలుగులో అనేశాను: "ఆ మోకాలితో ఇంకెవడు తీసుకుంటాడండీ!" అందరూ నవ్వారు.

వాల్టర్ కూడా మర్యాదకి నవ్వి, డాడీ ఏమన్నారని మా లతని అడిగాడు. పదేళ్ల పిల్ల నా మొహం చూసి, ఇంగ్లీషులో అబద్ధమాడింది: "అన్ని టీములూ మీకోసం పోటీ పడతాయన్నారు."

అతని మొహం వెలిగిపోయింది. "డాక్టర్, నా మోకాలి సంగతి మీకంటే ఎవరికి తెలుసు? ఒక్క టీమ్ పిలుస్తోంది, అదీ ఏడాదికే. సోమవారం వాళ్లకి వద్దని చెప్పేస్తాను."

నేను అతనికి ఇంకో గరిటె పులిహోర వడ్డించాను.