శారీ గార్డు మంచం కింద ఉండాది

ఢిల్లీబాబూ, నువ్వు కొత్త బండికి పీకేసిన శారీ గార్డు, ఎనకాల పట్టుకునే కమ్మీ మంచం కింద పెట్టినాను. లేసినంక రెండూ బిగించుకోని కాణిపాకానికి రా. నేనూ అవ్వా బస్సుకు పోతా ఉండాము. బండికి పూజ అయినంక అవ్వ నీ ఎనకాలే కూర్చోని వస్తాదంట. కొత్త చీర కట్టింది.

నిన్న ఆ గార్డును అవ్వే పాతసామాన్లోడికి ఎయ్యబోయింది. "ఇదేందో ఇనప తడక, దేనికీ పనికిరాదు" అనింది. "అది నీ కోసరమే మే, చీర చక్రంలో చిక్కుకోకుండా" అని నేను చెప్పలా. నువ్వూ చెప్పొద్దు.

ఆ బండికి ముందే తొడుగు లేదు, ఇంజనంతా బయటే. ఉన్నదీ పీకితే ఎట్లబ్బా? రంగు మార్చుకో, సైలెన్సరు మార్చుకో, నేను అడ్డం రాను. నేను చెప్తా ఉంటే ఇది రాస్తానే మీ చెల్లెలు నవ్వతా ఉండాది.

మీ తాత.

అద్దాలు మాత్రం పీకొద్దు. అవ్వ మొగం నీకు అగుపడతా ఉండాల.