క్లారినెట్ ఎవరిది?

ఆదివారం, నారాయణపేట

మధ్యాహ్నం మా బ్యాండు వాళ్లు నా కళ్లకు తువ్వాల కట్టి, ఫోన్‌లో పాత పెండ్లి రికార్డులు వినిపించారు. క్లారినెట్ ఎవరు వాయిస్తున్నారో చెప్పాలి. మూడు సరిగ్గానే చెప్పాను. నాలుగోది మొదలవగానే, "గిది మా అన్ననే. నా వాయింపంతా ఎత్తుకపోయిండు" అన్నాను.

డోలు వాయించే మల్లేశు నవ్వాడు. "గది నువ్వే మామా! మా అక్క పెండ్లిల వాయించినవ్ గదా."

మళ్లీ విన్నాను. ఒకే ఊపిరిలో సాగదీయడం, చివర్లో స్వరాన్ని వణికించడం, అన్నీ అన్నవే. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. అలాంటి మనిషిని, నా వాయింపు ఎత్తుకపోయాడని ఆరేళ్ల కింద నలుగురిలో దొంగ అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు.

సాయంత్రం ఫోన్ చేశాను.

"తిన్నవా?" అన్నాడు అన్న.

తిన్నానన్నాను. తప్పు నాదేనని మాత్రం ఇంకా చెప్పలేదు.