గోటి మీద చుక్క

జనవరి 18, ఆదివారం
పోలియో చుక్కల రోజు. పొద్దున్నే చలి, మంచు. చింతపల్లి జీపులో మోకాళ్ల మీద మందు పెట్టె. చర్చికి వెళ్లి ఎన్నాళ్లయిందో... పడుకుంటున్నాను, లేస్తున్నాను, అలసట మాత్రం పోదు. కోపం లేదు, ఏడుపూ రాదు. నా నర్సమ్మ యూనిఫాం ఒక్కటే ఊళ్లు తిరుగుతోంది.

జనవరి 19, సోమవారం
ఇంటింటికీ తిరగడం. ఆశా వర్కర్ చిలకమ్మ ముందు వెళ్లి పిల్లల్ని పిలుస్తుంది, వెనక నేను. ఓ ముసలమ్మ ఒళ్లో మనవరాలు. పాప చిటికెన వేలి గోటికి మార్కర్‌తో చుక్క పెట్టాను, పెట్టె మూసి లేచాను.

"ఏటమ్మా, గోరుకి సుక్కెట్టీసినావు... నోట్లో మందెప్పుడేత్తావు?"

పెట్టె మళ్లీ తెరిచాను. మందు వేశాకే గోటికి చుక్క. ఇన్నేళ్ల అలవాటు! పాపకి వేశాను. మరి ముందు ఇళ్లలో? వేశానా? దేవా, గుర్తు రావడం లేదు.

చిలకమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. పెట్టె లాక్కుంది.

"పద, మల్లీ ఎల్దాం. రొండుసార్లేత్తే పిల్లలకేటీ అవదని నువ్వే కదేటి సెప్పినావు!"

మళ్లీ అన్ని గడపలూ. ఓ తల్లి నవ్వింది — "సిస్టరమ్మకి మన పిల్లల మీద ముద్దొచ్చీసింది." ఆ మాటకి ఏడుపొచ్చింది, ఇన్ని నెలల తర్వాత. కాఫీ తోటలోకి వెళ్లి ఏడ్చాను. "సిస్టరమ్మ ఫోన్లో మాటాడతంది, ఎవులూ ఎల్లకండి" — చిలకమ్మ కాపలా. అక్కడ సిగ్నలే ఉండదు, అందరికీ తెలుసు. ఎవరూ రాలేదు.

జనవరి 20
"జొరం లేదు గానీ, నీలో నువ్వు లేవు. పెద్దాసుపత్రికెల్దాం" — చిలకమ్మ.
గోడ మీద పోస్టర్: మనసు బాగోలేకపోతే డాక్టరుకు చెప్పండి. అతికించింది నేనే. ఊరందరికీ చదివి వినిపించిందీ నేనే. నా మొహం!

జనవరి 22
పాడేరు. మనసు డాక్టరమ్మ చాలాసేపు విన్నది. "ఇది బద్ధకం కాదమ్మా, జబ్బే. కొన్నాళ్లు పని ఆపు." ఆ ఒక్క మాటకి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. మాత్రలు రాసింది, సెలవుకి కాగితం ఇచ్చింది. సెలవు పెడితే ఈ కొండలు ఎవరు తిరుగుతారు? నర్సే పిచ్చి మాత్రలు మింగుతోందంటే...

జనవరి 23
వేసుకోలేదు. వేసుకున్నానని చిలకమ్మకి చెప్పాను.

జనవరి 24
నమ్మలేదు. నా చిటికెన వేలు పట్టుకుని చూసింది.
"సుక్కేదీ? రేపట్నించి నా ముందరే ఏసుకో. మందేసినాకే సుక్క. నువ్వు నేర్పిందే."
చాలా రోజులకి నవ్వొచ్చింది. కానీ భయం పోలేదు.

జనవరి 25, ఆదివారం
మంచు ఇంకా విడలేదు. మాత్ర అరచేతిలో, నీళ్లు పక్కన. సెలవు కాగితం సంచిలోనే ఉంది. గుమ్మంలో చిలకమ్మ, మార్కర్ మూత తీసి కూర్చుంది.
"బేగి కానీ సిస్టరమ్మా... సిరా ఎండిపోతంది."