లమస్సీ నుదుటి మీది పిలక

సిప్పర్ నగరం, కాలువ రేవు వీధిలో క్షురకవృత్తి చేసే హుజాలుమ్ అనే నేను, ఒళ్ళు సడలినా బుద్ధి సడలక, ఎవరి బలవంతమూ లేకుండా ఈ మట్టిపలక మీద రాయించిన మరణశాసనం.

1. రెండు గదుల ఇల్లు, బార్లీ గాదె, గాడిద నా భార్య లమస్సీకి చెందాలి. ముప్పై ఏళ్ళ కిందట ఆమె లార్సా వర్తకుడు అవీల్-ఇలీ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన దాసి. నుదుటి మీద, బానిస అని తెలియడానికి వదిలిన పిలక. యజమానికి తెలియకుండా దాన్ని గొరిగితే క్షురకుడి చెయ్యి నరుకుతారు. "ధైర్యముంటే తియ్యి, లేకపోతే దారి వదులు," అంది. తీశాను. ఆమెనే పెళ్ళాడాను.

2. కంచు కత్తులు, సానరాయి నా కొడుకు తరీబుమ్‌కి.

3. మొద్దుబారిన కత్తి మా అన్న వరద్-కూబికి. సంగతి పసిగట్టి, "నోరు జారుతుందేమో తమ్ముడూ, కాస్త దాహంగా ఉంది," అంటూ ఇన్నేళ్ళూ నా బీరు తాగాడు. ఇక నీళ్ళు తాగమనండి.

4. ఆ అవీల్-ఇలీయే నెలనెలా పడవలో వచ్చి నా దగ్గరే గడ్డం గీయించుకునేవాడు. లమస్సీ గాదె వెనక దాక్కునేది. నేను, తెలివితక్కువవాణ్ణి, మర్యాదకని ఆమె చేసిన నువ్వుల రొట్టె పెట్టేవాణ్ణి. పోయిన నెల అన్నాడు: "ఒరేయ్, ఆ రొట్టె మా ఇంటిది. మొదటి ముక్కకే తెలిసింది. చెబితే నీ చెయ్యి పోయేది, నాకింత నున్నగా ఎవడు గీస్తాడు?" లమస్సీ మీద, పిల్లల మీద తనకూ తన వారసులకూ ఏ హక్కూ లేదని ముద్ర వేసిన పలక చేతిలో పెట్టాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. గుండె మీది బండ దిగింది. ఆ మాట ముందే చెప్పనందుకు కోపం మాత్రం పోలేదు. ఇకమీదట రొట్టె కావాలంటే లమస్సీని అడగాలి. పెట్టడం, మానడం ఆమె ఇష్టం.

5. "పిలక గొరిగిన సంగతి కూడా రాయాలా తాతా?" అన్నాడు లేఖకుడు. రాయమన్నాను. ఎవరో మోసం చేస్తే తెలియక గొరిగానని ఒట్టేసిన క్షురకుణ్ణి చట్టం వదిలేస్తుంది. కానీ ఆ పిలక నేను మోసపోయి గొరగలేదు. తెలిసే గొరిగాను.

ఎండల నెల, పదకొండో రోజు, కొత్త కాలువ తవ్విన ఏడు.

హుజాలుమ్, కుడిచేతి బొటనవేలి గోటి గుర్తు.

సాక్షులు: అవీల్-ఇలీ, లార్సా వర్తకుడు
నబీ-షమష్, లేఖకుడు