తల్లి మొక్క ఇవ్వకు

నాన్నా, నాకు ఒంట్లో బాగానే ఉంది, కార్డు చూసి కంగారుపడకు.

నిన్న మా ఆర్కిడ్ల సంఘం ప్రదర్శన జరిగింది. మన జపాన్ ఆర్కిడ్ పిలక ఒకటి సంఘం కార్యదర్శికి ఇచ్చానని రాశాను కదా. ఒకరి దగ్గర చచ్చిపోయినా ఇంకొకరి దగ్గర బతుకుతుందని పిలకలు ఇచ్చుకోవడం ఈ మొక్కలు పెంచేవాళ్ల పద్ధతి. ఆ పిలకే ఆయన పేరు మీద బల్ల ఎక్కింది. మొదటి బహుమతి కూడా వచ్చింది. నేను దాని ముందు నిలబడితే ఆయనే దగ్గరికొచ్చి, "పువ్వు కోసం వెతుకుతున్నావా అమ్మాయ్? దీనికి ఆకే అందం. ఆ పసుపు చార తెప్పించడానికి నాకు ఆరేళ్లు పట్టింది" అన్నాడు. ఆ ఆరేళ్లూ దాని వేళ్లకు చుట్టే నాచు మార్చింది నువ్వూ నేనూ. అయినా "అవునండీ" అన్నాను.

మనింట్లో ఉన్న తల్లి మొక్క కూడా తన దగ్గరుంటేనే క్షేమమన్నాడు. నలుగురూ చూస్తున్నారని దానికీ "సరేనండీ" అనేశాను. గదికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని శాలువా, పెట్టెలో అడుగున ఉన్న నిఘంటువు పంపించు. చెల్లిని నా పుస్తకాల్లో గీతలు గీయొద్దను.

గురువారం ఆయన మనిషి మనింటికి వస్తాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టు, మొక్క మాత్రం ఇవ్వకు. అమ్మాయి ఒప్పుకుందిగా అంటాడు. "మా అమ్మాయికి కాదనడం చేతకాదు, నాకు చేతనవును" అని చెప్పు.

అమ్మకు నమస్కారాలతో,
నీ పెద్దమ్మాయి