పిన్ని సరే అంటేనే

పిన్నికి నమస్కారాలు.

నీ టైలరింగ్ షాపు కంప్యూటర్‌లోని పాత నెట్‌వర్క్ కార్డు నడవాలని నేను డ్రైవర్ అనే ప్రోగ్రామ్ రాశాను కదా. అందరూ కలిసి రాసి, ఉచితంగా వాడుకునే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పెద్దలు, "ఈ కార్డు ఇంకా ఎవరు వాడుతున్నారు? డ్రైవర్ తీసేద్దాం" అన్నారు. అందుకే "నేను వాడుతున్నాను" అని ఒక్క ముక్క రాయమని నిన్ను బతిమాలాను.

నువ్వు ఒక్క ముక్కతో ఆగలేదు. "నడిచే మిషన్ని పాతదని పారేస్తారా? మీ అమ్మలు మిమ్మల్ని ఇలాగే పెంచారా?" అని చెడామడా దులిపేశావు. వాళ్లు హడలిపోయి డ్రైవర్‌ని ఉంచేశారు. అంతటితో ఊరుకోక, ఇకపై నువ్వు పరీక్షించి సరే అంటేనే అందులో మార్పులు చేర్చాలని తీర్మానించారు.

నెట్ మధ్యమధ్యలో తెగిపోతోందని చెప్పింది నువ్వే. సరిచేసి పంపితే, నడిపి చూడకుండానే, ప్రోగ్రామ్‌లోని వరుసల అమరిక చూసి, అందరూ చదివే చోట "అంచులు వంకరగా ఉన్నాయి, విప్పి మళ్లీ కుట్టు" అని రాశావు. అక్కడి పెద్దాయన కూడా "అమ్మగారు చెప్పారుగా, కుట్టవయ్యా" అన్నాడు.

మళ్లీ కుట్టాను పిన్నీ. దయచేసి ఒకసారి నడిపి చూడు. బాగుంటే సరేనని రాయి. నా పెళ్లి ఊసు మాత్రం అక్కడ ఎత్తకు. పోయినసారి నువ్వు ఎత్తిన చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దాయన తన మేనకోడలి ఫోటో కూడా పంపాడు.

అమ్మాయి బాగానే ఉంది. ఆ మాట కూడా అక్కడ రాయకు.

మీ అక్క కొడుకు