హంసికకు రానిది లేదన్న మాట

గోదావరిఖని

హంసిక బాపుకు,

సంతోషి రాసేది. బాగున్నమని రాయబుద్ధి అయితలేదు. ఫోన్ల చెప్దామంటే బిడ్డ నా కొంగు ఇడిసిపెడ్తలేదు, దాని ముంగట చెప్పే మాట కాదిది. సదయ్య అన్న నువ్వు డ్యూటీ చేసే గోలేటికి వస్తున్నడంటే ఆయన చేతికిస్తున్న. డ్యూటీ దిగినంక నిమ్మళంగ కూసొని చదువు.

ఆదివారం గురుకులం పరీక్ష బాగ రాసిందని నీకు చెప్పిన గద. రాయలే.

పెద్దపల్లిల సెంటర్ గేటు కాడ దిగబెట్టిన. మమ్ముల లోపలికి రానియ్యలే. రోడ్డవతల నీడకు కూసున్న. గంట కొట్టంగనే పిల్లలందరు బయటికొచ్చిన్రు, మనది రాలే. లోపలికి ఉరికిన. "ఆ బెంచీ పొద్దటి నుంచి ఖాళీగనే ఉందమ్మా" అన్నది మేడం. ఎనుక గేటుకెల్లి ఎప్పుడో బయట పడ్డదట. బజారంత తిరిగిన, కనబడ్డోళ్లనల్ల అడిగిన. బస్టాండ్ల లేదు. ఎవలన్న ఎత్తుకపోయిన్రా, ఏ లారీ కిందన్న పడ్డదా అని ఆగమైన. ఆఖరికి రైల్వే స్టేషన్ల, ప్లాట్‌ఫారం కొసకు, హాల్ టికెట్ మడతలు పెట్టుకుంట కూసుంది.

కొడ్దామని చెయ్యెత్తిన. అది ఏడ్వను కూడ ఏడ్వలే. "వచ్చిన బండెక్కి ఎటన్న పోదామనుకున్న అమ్మా" అన్నది.

"ఎందుకే? పరీక్ష రాకపోతే ఏమైతది?"

"రాసినంక సీటు రాకపోతే అందరికి ఎరుకైతది గద. బాపు కాలనీ మొత్తం చెప్పిండు, హంసికకు రానిది లేదని. నాకు భిన్నాలు వస్తలేవమ్మా. రాయకుంటె ఎవలకు తెల్వది."

నువ్వు దాన్ని పక్కన నిలబెట్టుకొని 'నా బిడ్డ పుస్తకం తెర్వకుంటనే ఫస్టు' అంటుంటె నేను మురిసేదాన్ని. ఇప్పుడు యాదికొస్తే బుగులైతుంది. లెక్కల పరీక్ష ఉన్న రోజే దానికి కడుపునొప్పి లేస్తది. రాని లెక్క ముట్టదు. వచ్చినయే మళ్ల మళ్ల చేసి నాకు చూపెడ్తది.

స్కూలుకు పంపి గేటు కాడనే నిలబడుతున్న, మళ్ల ఎటన్న పోతదేమోనని. జల్ది రా. తిట్టకు. మరి ఏమనాల్నో నాక్కూడ తెలుస్తలేదు.

నీ
సంతోషి

*

గోదావరిఖని

బాపూ,

అమ్మ ఫోన్ చేసిస్తనన్నది. వద్దన్న. ఫోన్ల అయితే నాకు ఏడుపొస్తది.

నువ్వు ఇంటికొచ్చిన రోజు నేను బీరువా ఎనుక నక్కిన గద. తిడుతవని కాదు బాపూ. 'ఏం కాదు, అయినా నా బిడ్డ తెలివైందే' అంటవని భయమైంది. అట్లంటే మళ్ల అన్ని రావాలె గద.

నువ్వు అట్లనలే. సంచి కూడ దించకుంట కింద కూసొని, "ఏది వస్తలేదో చూపెట్టు బిడ్డా" అన్నవ్. భిన్నాలు చూపెట్టిన. చూస్తే నీకు కూడ రాలే. నువ్వు తప్పు చేసి నవ్వినవ్. నేను తప్పు చేసి నీ మొఖం దిక్కు చూసిన. నీ మొఖం మారలే. "ఇది కొట్టేద్దాం, మళ్ల చేద్దాం" అన్నవ్. అమ్మ అన్నానికి పిలుస్తున్నా మనం లేవలే.

ఇయ్యాల సదానందం సారు బోర్డు మీద కొత్త లెక్క చేసి, "అర్థం కానోళ్లు ఎవలన్న ఉన్నరా?" అన్నడు. ఎవలు లేవలే. నాకు కడుపుల నొప్పి లేసింది. అయినా లేసి, "నాకు కాలే సార్" అన్న. అందరు నా దిక్కు తిరిగిన్రు. ఎనుక ఎవలో నవ్విన్రు. సారు, "నీకు కూడనా హంసికా?" అన్నడు. అప్పుడు కూసుందామనిపించింది. బెంచీ గట్టిగ పట్టుకొని, "అవును సార్" అన్న.

సారు మొదటికెల్లి మళ్ల చెప్పిండు. బాపూ, నాకు ఇంకా సగమే అర్థమైంది. రేపు మళ్ల అడుగుత. భయమైతుంది గని, అడుగుత.

హంసిక